ఒడిలో పిల్లి గంప

నాందేడ్ నుంచి దెగ్లూర్ పోయే మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సులో నా పక్కన ఒక కిరాణా కొట్టు ఆవిడ కూర్చుంది. ఒడిలో గంప, గంపలో పోతుపిల్లి. దానికి మాటిమాటికీ మూత్రం ఆగిపోయే జబ్బట. రోజూ మాత్ర వేయాలనీ, ఏళ్ళ తరబడి వాడితే కాలేయం చెడవచ్చనీ పశువుల డాక్టరు చెప్పాడట. వేయాలా వద్దా అని ఆమె నన్ను అడుగుతుండగానే ముందు సీటు పెద్దమనిషి వెనక్కి తిరిగాడు.

"మందుతోని సచ్చిందనుకో, నువ్వు సంపినట్టే. ఆ పాపం పోవాల్నంటె బంగారు పిల్లిని చేయించి దానమియ్యాలె. రోగంతోని పోతె నీకు పాపం లేదు. దాని కర్మకు ఇడిసిపెట్టమ్మా."

ఆమె ముఖం ఎర్రబడింది.

"ఉచ్చ బందైతె రేపో మాపో ఒర్లుకుంట సస్తది. ఎన్నడో అయ్యే నుక్సాన్‌కు భయపడి ఇయ్యాల్నే సంపుకోవాల్నా?" అంటూ లేచి, గంపను అతని ఒడిలో పెట్టింది. "ఇగో, గోలీ ఇయ్యను. దెగ్లూర్ దాంక నువ్వే పట్టుకో, పుణ్యాత్ముడా!"

మూత్రం రాక పిల్లి ముక్కుతూ ఏడ్చింది. బస్సంతా అతని వైపే చూసింది. మరో స్టాపు రాకముందే గంప తిరిగిచ్చేశాడు. ఆమె మాత్ర విరిచి, డబ్బాలోని మీగడలో చుట్టి పిల్లి నోట్లో పెట్టింది, ఇంకా తిడుతూనే.

ఇప్పటికీ రోగి మంచం పక్కన నిలబడి ఎవరైనా "కర్మ" అంటే నాకు మండిపోతుంది. ముందు వాళ్ళ ఒడి వైపు చూస్తాను. ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.