తామ్వే క్వార్టర్స్ బాగుచేసిన ఏడాది

నిన్న బస్సు తామ్వే పేట మలుపు తిరుగుతుంటే మా మేనత్త వాళ్లు ఉండిన భవనం కనబడింది. లేత పసుపు రంగు, ప్రతి బాల్కనీకీ ఒకే రకం అద్దాలు, ముందు కోసిన గడ్డి. పక్క సీటావిడ బర్మీస్‌లో, "ఎంత శుభ్రంగా ఉందో!" అంది. అవునన్నాను. నిజమే కదా.

బర్మాలో సోషలిస్టు ప్రభుత్వం ఉన్న కాలంలో కట్టిన నాలుగంతస్తుల సర్కారు క్వార్టర్స్ అవి. నమూనా రష్యా నుంచి వచ్చిందని రేవులో క్రేను నడిపిన మావయ్య గొప్పగా చెప్పేవాడు. "మంచు దేశం వాళ్ల ఇల్లు మన వానకేం ఆగుతాది?" అని అత్త దెప్పేది. వానాకాలం గోడలకి నాచు పట్టేది, లోపల ఆరేసిన బట్టలు పుట్టగొడుగుల వాసన వేసేవి. చోటు చాలక అందరూ బాల్కనీలకి రేకులు బిగించి వంటిళ్లు చేసుకున్నారు. కింద వాళ్ల ఙాపి అనే పులిసిన చేపల ముద్ద, పైన అత్త చింతపండు పులుసు మెట్ల మీద కలిసి, ఏ దేశానిదో చెప్పలేని వాసన అయ్యేది.

ఊరు అందంగా ఉండాలని వాటిని బాగుచేయడం మొదలుపెట్టారు. పని అయ్యేదాకా అందరినీ నది అవతలి గదులకి వెళ్లమన్నారు. ఒక్కొక్క కుటుంబమే సామాను కట్టుకుని దిగిపోయింది. మావయ్యకి మాత్రం ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి. కదిపితే దారిలోనే పోతాడని డాక్టరు అన్నాడు. అత్త కదల్లేదు. పని చేయించే మేస్త్రీని అందరూ 'సయా', అంటే గురువుగారు, అనేవారు. ఆయన బర్మా మనిషి. పైకొచ్చి మావయ్యని చూసి వెళ్లి, అవతలి చివర నుంచి పని మొదలుపెట్టించాడు.

గోడలు పగలగొడుతూ రోజురోజుకీ దగ్గరికొచ్చారు. ఒక మధ్యాహ్నం నేను గంజి పట్టుకెళ్లేసరికి అత్త తడిగుడ్డతో మావయ్య మొహం మీది సున్నం తుడుస్తోంది. గుడ్డ నా చేతిలో పెట్టి, దిగి వెళ్లి సయాని బతిమాలింది. సుత్తులు ఆగిపోయాయి.

మావయ్య కళ్లు తెరిచాడు. "ఏటే, పని మానీసినారా?"

"నీకు నిద్ర పడతాదని నానే ఆపించినాను," అంది అప్పుడే మెట్లెక్కి వచ్చిన అత్త, ఆయాసపడుతూ.

"ఒద్దే. కొట్టమను. అందరూ ఎలిపోయినారు గదా. ఆ సప్పుడుంటే మనుసులున్నట్టుంటాది."

అత్త బాల్కనీలోకి వెళ్లి, తనకొచ్చిన బజారు బర్మీస్‌లో కిందకి కేకేసింది: "సయా, కొట్టండి! ఆయనే అడుగుతున్నాడు." సయా పైకి చూసి తల ఊపి, కూలీలకి సైగ చేశాడు. తర్వాత సుత్తులు మళ్లీ మొదలయ్యాయి, కొంచెం మెల్లగా. ఆ చప్పుడులోనే, పొద్దు వాలక ముందే మావయ్య పోయాడు. మలుపుల మెట్ల మీద శవపెట్టె తిరగలేదు. కూలీలే ఆయన్ని ఊడదీసిన తలుపు మీద పడుకోబెట్టి కిందికి దించారు. ఇసక కుప్పల మధ్య పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, వాళ్లు పలుగులు పక్కన పెట్టి తలలు వంచుకున్నారు.

తర్వాత బాగుచేసిన గదులకి చీటీలు తీస్తే, అత్తకి అక్కడే ఒకటి వచ్చింది. ఆవిడ వెళ్లలేదు. తన్లిన్ ఊళ్లో కూతురి దగ్గరే ఉండిపోయింది. ఆ భవనం చూశానని నిన్న రాత్రి ఆవిడకి ఫోనులో చెప్పాను. "ఇప్పుడు నీళ్లు పై దాకా ఎక్కుతున్నాయేటి?" అనడిగింది. పెళ్లైన నాటి నుంచీ కింది పంపు దగ్గర పట్టి పైకి మోసిన మనిషి. ఎక్కుతున్నాయట అన్నాను. "మంచిదేలే," అని ఫోను పెట్టేసింది.

కాలం మేలు చెయ్యదని కాదు. మనం ఉండగానే చెయ్యాలన్న తొందర దానికి లేదు, అంతే.