యమున తాగిన నీళ్ళు

బారువ దగ్గరి చేపల పల్లెలో పుట్టిన యమున పన్నెండో ఏటినుంచి తలమీద గంపతో ఊరూరూ తిరిగి చేపలమ్మింది. భర్త గుజరాత్ పడవల మీద పనికి వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అప్పుడు కూడా ఆమె గంప దించలేదు. ముప్ఫై నాలుగో ఏట కాళ్ళు వాచాయి. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. ఉద్దానంలో చాలా ఇళ్ళకు తెలిసిన జబ్బే.

తమ్ముడు దేవేంద్ర శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ లాబ్ చూసుకునేవాడు. అక్కను అరసవల్లిలోని తన అద్దె గదికి తెచ్చుకున్నాడు. అది 2016. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో డయాలసిస్. ఎడమ చేతికి సూదులు గుచ్చితే నాలుగు గంటలు మంచం దిగడానికి లేదు. మొదటి నెలంతా ఆమె పైకప్పు చూస్తూ పడుకుంది.

"కాళ్ళు పీకేస్తన్నాయిరా. నడక లేదు కదా, అందుకే," అంది ఒకరోజు.

ఆ మాట విన్నాకే అతనికి ఒక పాత కంప్యూటర్ ఆట గుర్తొచ్చింది. కొండలూ అడవులూ ఊళ్ళూ ఉన్న పెద్ద లోకం. అందులో మన మనిషి కత్తి పట్టుకుని ఎటైనా పోవచ్చు. డిప్లొమా రోజుల్లో దాన్ని రెండుసార్లు చివరిదాకా ఆడాడు. ఇప్పుడతని దగ్గరున్నది కాలేజీవాళ్ళు పక్కన పడేసిన లాప్‌టాప్. విండోస్ మోయలేదని దాంట్లో లినక్స్ వేసుకున్నాడు. విండోస్ కోసం చేసిన ఆటను లినక్స్ మీద నడిపించడానికి వారం రోజులు కుస్తీ పట్టి, మూడోసారి మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈసారి మౌస్ అక్క కుడిచేతిలో ఉంది.

రెండో రోజే తోడేళ్ళు ఆమెను చంపేశాయి.

"ఒరే, నాకీ కత్తులొద్దు. తోవమీద జంతువుల్నీ దొంగల్నీ తీసీ. ఊరికే నడిసెల్తాను."

"అయితే ఆటేటి మిగుల్తాదక్కా?"

"నడక మిగుల్తాది."

ఆట ఫైళ్ళు విప్పి మార్చడం అతను అలా మొదలుపెట్టాడు. తోడేళ్ళు పోయాయి. ఊళ్ళ బోర్డుల మీద తెలుగు పెడితే ఒత్తులన్నీ విడిపోయి కనిపించాయి. దాంతో ఒత్తుల్లేని పేర్లు ఏరి పెట్టాడు. సోంపేట, కవిటి, బారువ. చేపల గంపతో ఒకామెను సంతలో నిలబెట్టి, "చేపలు కావాలా" అని మాట రాశాడు.

"దాని గంప సూడు, ఎలగెత్తుకుందో! అలగైతే మెడ విరిగిపోతాది," అని యమున పడీపడీ నవ్వింది. డయాలసిస్ వార్డులో పక్క మంచం మీది నారాయణమూర్తి మాస్టారు కూడా తల తిప్పి చూశాడు.

డాక్టరు ఆమెను రోజుకు మూడు గ్లాసుల నీళ్ళే తాగమన్నాడు. ఎండాకాలంలో నాలుక పిడచకట్టుకుపోయేది. దేవేంద్ర ఆమె ముందు నీళ్ళు తాగేవాడు కాదు, వీధి కుళాయి దగ్గరికి వెళ్ళి తాగొచ్చేవాడు. ఒకరోజు ఆటలో ఏటి ఒడ్డున ఆగి ఆమె అడిగింది.

"ఈ నీళ్ళు తాగడం అవ్వదేటిరా?"

అవదు. ఆ ఆటలో దాహం లేదు. పది రోజులు కూర్చుని అతను దాహం తీరే దారి రాశాడు. ఏట్లో దిగి ఒక మీట నొక్కితే మనిషి వంగి దోసిలితో నీళ్ళు తాగుతుంది. గుటకల చప్పుడు కోసం తనే వీధిలో నీళ్ళు తాగుతూ ఫోన్లో రికార్డు చేశాడు. యమున ఆ మీట నొక్కి, మళ్ళీ నొక్కి, కళ్ళు మూసుకుంది.

అలా ఏడాదిన్నర గడిచింది.

2018 మార్చిలో అతను లినక్స్ అప్‌డేట్ చేశాడు. ఆ తరువాత ఆట తెరవబోతే నల్ల తెర తప్ప ఏమీ రాలేదు. కాలేజీలో పరీక్షలు జరుగుతున్నాయి.

"వచ్చే వారం బాగుసేస్తానక్కా."

"సూద్దువులే. నాకేటి తొందర?" అంది. ఆ వారమూ, పై వారమూ మళ్ళీ పైకప్పు చూస్తూ పడుకుంది.

ఒక మంగళవారం తెల్లవారాక ఆమెకు ఊపిరాడలేదు. ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి పెదవులు నల్లబడ్డాయి. ఊపిరితిత్తుల నిండా నీరని చెప్పారు.

"నీళ్ళు గానీ ఎక్కువ తాగిందా?" నర్సు అడిగింది.

తెలీదన్నాడు. మధ్యాహ్నానికి యమున ప్రాణం పోయింది. సాయంత్రం బట్టల కోసం గదికి వస్తే, ముందురోజు నింపిన బిందెలో సగానికి పైగా నీళ్ళు లేవు. ఆ బిందె పక్కనే చాలాసేపు కూర్చుండిపోయాడు. ఆట నడిచి ఉంటే ఆమె తాగేది కాదేమో. నడిచినా తాగేదేమో. చెప్పగలిగే మనిషి లేదు.

పన్నెండో రోజు అయ్యాక లాప్‌టాప్ తెరిచాడు. పాత డ్రైవరు తిరిగి వేస్తే సరిపోయింది. అరగంట పని. తల గోడకేసి కొట్టుకున్నాడు.

ఆమె ఆట ఆపి సేవ్ చేసిన చోట్లన్నీ వరసగా ఉన్నాయి. అక్క రోజూ ఊళ్ళు తిరుగుతోందనుకునేవాడు. ఒక్కొక్కటీ తెరిచి చూశాడు. చివరి ఆరు నెలలవీ అన్నీ ఆ ఏటి దగ్గరే.

అప్పుడే తల్లి నారాయణమ్మ వచ్చి వెనక నిలబడింది. కూతురి సామాన్లు తీసుకెళ్ళడానికి పల్లెనుంచి వచ్చింది ఆవిడ.

"ఎవులురా అది?"

"అక్కేనమ్మా. ఇలగే నడిసేది."

తల్లి తెరకు దగ్గరగా వంగి, మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డ ఆ బొమ్మను చూసింది.

"ఎంతసేపట్నుంచి ఉన్నాదిరా అలగ? ఒడ్డుకి రమ్మను. కాళ్ళు నానిపోతాయి."

దేవేంద్ర కళ్ళు తుడుచుకుని, ఆమెను మెల్లగా నడిపించి ఒడ్డున ఒక రాతి పక్కన నిలిపాడు. ఆట అక్కడ సేవ్ చేసి మూసేశాడు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయింది.

తరువాత రెండుసార్లు ఆటను కొత్తగా మొదలుపెడదామని చూశాడు. రెండుసార్లూ ఏటి మీది మొదటి వంతెన దాటలేకపోయాడు.