నీలం కారు మీద మెరుపు మచ్చలు

మురళీధర్ సేటు తెల్లకారు ఆ ఎండాకాలంలో నీలం కారైంది. రంగు వేయించలేదు. సూర్యాపేటలో ఒక దుకాణంలో నాలుగు రోజులు ఉంచితే, ఒళ్ళంతా వినైల్ ర్యాప్, అంటే పల్చటి ప్లాస్టిక్ పొర, అతికించి పంపారు. ముదురు నీలం, అసలు మెరుపే లేని నీలం. అది మిర్యాలగూడలోని సేటు బియ్యం మిల్లు ఆవరణలోకి వచ్చిన రోజు హమాలీలంతా పని ఆపి చుట్టూ మూగారు. దాన్ని నడుపుకుంటూ తెచ్చిన డ్రైవర్ జానయ్య మాత్రం దిగి, పది అడుగులు వెనక్కి పోయి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏందన్నా, మంచిగ లేదా?" అని గేటు దగ్గరి వాచ్‌మన్ మంగ్త్యా అడిగాడు.

"మంచిగుండుడు తర్వాత సంగతి. అతికిచ్చింది ఎప్పుడో ఒకనాడు ఊడుతది. ఊడిననాడు ఎవరి మీదికొస్తది? నా మీదికి."

జానయ్యది గరిడేపల్లి. గొర్రెల కాపరుల ఇల్లు. అతనికి పద్నాలుగేళ్ళప్పుడు ఒక మనిషి చుట్టం వరసలు కలుపుకుని వచ్చి, మంద దగ్గర రెండు రోజులు ఉన్నాడు. వాళ్ళతో తిన్నాడు, వాళ్ళతో నవ్వాడు, మూడో రోజు పదకొండు గొర్రెలతో సహా మాయమయ్యాడు. "మొఖం చూస్తె మంచోనిలెక్కనే ఉండె" అని తండ్రి ఏడాదిపాటు అదే మాట అంటుంటే విని విని, మొఖాలను నమ్మడం మానేశాడు జానయ్య. తర్వాత పద్దెనిమిదేళ్ళు లారీ నడిపాడు. ట్యాంకులోంచి డీజిల్ తీసేవాళ్ళను, టార్పాలిన్ తాళ్ళు కోసుకుపోయేవాళ్ళను చూశాడు. ఇప్పుడు యాభై మూడేళ్ళు. ఇంటికి తాళం వేసి మూడుసార్లు గుంజి చూస్తాడు. పాలు వాసన చూడందే గిన్నెలో పోయనివ్వడు. "నన్ను చేసుకునేటప్పుడు గూడ వెనక్కి తిప్పి చూసిండు" అని భార్య సైదమ్మ వాడకట్టులో నవ్వుతూ చెప్తుంటుంది.

ర్యాప్ వేసిన దుకాణం వైష్ణవిది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కారు అప్పగించేటప్పుడు జానయ్యను పక్కకు పిలిచి ఒక్కొక్కటీ వివరంగా చెప్పింది. ఎండలో కడగొద్దు, నీడలోనే కడగాలి. ముందు మామూలు పైపుతో నీళ్ళు పోసి దుమ్మంతా దించాలి. రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో బట్ట జాడించుకునే నీళ్ళు. ప్రెషర్ గన్ అంచుల మీద కొట్టొద్దు. మైనం పాలిష్ పెట్టొద్దు, పెడితే నూనె రాసినట్టు అయిపోతుంది. పక్షి రెట్ట, చెట్టు జిగురు, పెట్రోల్ చుక్క ఏది పడ్డా ఎండక ముందే తీయాలి. గీకకుండా తడిబట్ట వేసి నాననివ్వాలి.

"ముఖ్యంగ, దుమ్ము మీద పొడిబట్ట పెట్టొద్దు కాకా. మీది మిల్లు. ఊక బూడిద పడుతనే ఉంటది. అది గరుకు కాగితం లెక్క రుద్దుతది."

జానయ్య అన్నిటికీ తలూపాడు. లోపల మాత్రం, ఇన్ని వద్దులు చెప్తుందంటే సరుకులో ఏదో లోపముంది, రేపు దాన్ని నా నెత్తిన వెయ్యడానికే ముందుగాల చెప్పిపెడుతుంది, అనుకున్నాడు.

అయినా చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాడు. మిల్లు బాయిలర్ పొగగొట్టంలోంచి ఊక బూడిద రోజంతా సన్నగా రాలుతుండేది. పొద్దున్నే షెడ్డు నీడలో కారు పెట్టి, పైనుంచి కిందికి నీళ్ళు వదిలి, మెత్తటి బట్టతో ఒత్తకుండా జరిపి, రెండో బట్టతో తడి అద్ది తీసేవాడు. ఆ రెండు బకెట్లను ఇంకెవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఇది కాక తన సొంత కాపలా ఒకటి ఉండేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కారు చుట్టూ తిరిగి ఎక్కడైనా అంచు లేచిందా అని చూసుకునేవాడు.

ఆషాఢంలో మొదటి మచ్చ కనిపించింది. డ్రైవర్ తలుపు అంచున, బెత్తెడు పొడవున, మిగతా నీలమంతా మెరుపు లేకుండా ఉంటే అక్కడ మాత్రం గాజులా మెరుస్తోంది. కడిగినా పోలేదు. వారం తిరగక ముందే బానెట్ ఎడమ మూల ఇంకొకటి. ఆ తర్వాత డిక్కీ అంచు మీద మూడోది.

 జానయ్య మొదట షాంపూ సీసాను అనుమానించాడు. షాంపూ అమ్మిన దుకాణంవాడు కల్తీది అంటగట్టాడేమోనని సీసా మార్చాడు. తర్వాత సేటు భార్య స్వరూపమ్మ గాజుల మీద కన్నేశాడు. ఆమె కారెక్కేటప్పుడు, దిగేటప్పుడు వారం రోజులు ఆమె చేతులనే చూశాడు. ఆమె కూర్చునేది వెనక ఎడమ సీటులో, ఆ తలుపు మీద మచ్చే లేదు. కావాలని ఎవరో చేస్తున్నారు, ఆ ఎవరో మిల్లులోనే ఉన్నారు అనే ఆలోచన వచ్చాక అన్నం సహించలేదు.

ఒక మధ్యాహ్నం జానయ్య తూకం గది నుంచి బయటికొస్తుంటే, మంగ్త్యా బానెట్ మీదికి వంగి ఉన్నాడు. చేతిలో గుడ్డ. సరిగ్గా ఎడమ మూలన.

"ఏం జేస్తున్నవ్‌రా?"

మంగ్త్యా ఉలిక్కిపడి లేచాడు. "కాకి రెట్ట ఏసిందన్నా. ఎండితె పట్టుకుంటదని నువ్వే అంటివి గద. తడిగుడ్డ ఏసిన."

ఆ ఉలికిపాటు ఒక్కటే కనిపించింది జానయ్యకు. మాట వినిపించలేదు. తప్పు చెయ్యనోడు ఎందుకు ఉలిక్కిపడతాడు? కిందటి వారం కూడా ఇతను కారు దగ్గర నిలబడి ఉండటం గుర్తొచ్చింది. ఈ మధ్య తనతో నవ్వుతూ మాట్లాడటం కూడా గుర్తొచ్చింది. ఇక ఆగలేదు. సేటు ధాన్యం బస్తాల దిగుమతి దగ్గర నిలబడి ఉంటే నేరుగా పోయి, హమాలీలందరూ వింటుండగానే చెప్పాడు.

"సేటూ, ఆ మచ్చలు పెట్టేది ఎవరో దొరికిండు. మంగ్త్యా గుడ్డ పెట్టి రుద్దుతుంటె నా కండ్లతోని చూసిన."

మురళీధర్ చెడ్డవాడు కాదు, తొందర మనిషి. చెవి దగ్గర ఫోన్ అలాగే ఉంచుకుని, "మంగ్త్యా, నువ్వు కారు జోలికి పోకు. రేపటి సంది వెనక ఊక గేటు కాడ ఉండు" అన్నాడు.

మంగ్త్యా సేటు వైపు చూడలేదు. జానయ్య వైపు చూశాడు. "ఆరేండ్ల సంది గీ గేటు కాడనే ఉన్న. ఒక్క సంచి అటిటు కాలె. గిప్పుడు దొంగ లెక్క వెనకకు పోవాల్నా?" అన్నాడు. విజిల్ మెడలోంచి తీసి కుర్చీ మీద పెట్టి, సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

పీడ విరగడైందనుకున్నాడు జానయ్య. సైదమ్మకు చెప్తే ఆమె చాట పక్కన పెట్టి, "వాడు రుద్దంగ చూసినవా, గుడ్డ పట్టుకోంగ చూసినవా?" అని అడిగింది. రెండూ ఒకటేనని కసిరాడు.

పది రోజులకు పెట్రోల్ మూత అంచున కొత్త మచ్చ వచ్చింది.

జానయ్య గేటు దాకా పోయి రోడ్డు అటూ ఇటూ చూశాడు. మంగ్త్యా దొంగచాటుగా వచ్చి పోతున్నాడా? లేక వాడికి లోపల ఇంకెవరైనా తోడున్నారా? మరునాడు తూకం గది కిటికీ వెనక స్టూలు వేసుకుని, పొద్దుటి నుంచి పొద్దు వాలేదాకా కారు మీద నుంచి చూపు తిప్పలేదు. మధ్యలో ఎప్పటిలాగే మూడుసార్లు లేచి అంచులు చూసుకొచ్చాడు, అంతే. కారు దగ్గరికి మనిషన్నవాడు రాలేదు. ఒక కాకి వచ్చి బానెట్ మీద రెట్ట వేసి పోయింది. వేళ కాని వేళ బయటికొస్తే కాపలా బయటపడుతుందని జానయ్య కదలలేదు. సాయంత్రానికి అది ఎండి, నీలం మీద తెల్లటి మరకై కూర్చుంది. తడిబట్ట వేసి ఎంత నానబెట్టినా దాని గుర్తు పూర్తిగా పోలేదు. ఇన్నాళ్ళూ అలాంటి మరక ఒక్కటి కూడా ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది జానయ్యకు. అర్థమైనదాన్ని పక్కకు నెట్టేశాడు.

ఆ వారంలోనే బానెట్ మూల అంచు లేచింది. "సూర్యాపేట తీస్కపోయి చూపియ్యి" అన్నాడు సేటు.

దారి పొడవునా జానయ్య వైష్ణవిని ఏమని నిలదియ్యాలో నోట్లో తిప్పుకుంటూ పోయాడు. నాసిరకం సరుకు వేశావు. బంక సరిగ్గా పెట్టలేదు. దుకాణం ముందు కారు ఆపి అదే మాట గట్టిగా అన్నాడు. వైష్ణవి కోప్పడలేదు. ఫోన్ లైటు వేసి మచ్చలన్నీ వంగి చూసింది.

"ఏదన్న కెమికల్ మందు పడితె కిందికి చార కారుతది కాకా. బట్టతోని రుద్దితె గీతలు పడ్తయ్. ఇవి రెండూ కావు. ఇది ఏలుతోని ఒత్తి రాసింది."

"నేను చెప్పలే! మా వాచ్‌మన్ ఏలు బిడ్డా. వాణ్ని పంపిచ్చిన గూడ..."

"పంపిచ్చినంక కొత్తయి వచ్చినయా?"

"వచ్చినయ్. అదే సమజైతలేదు."

ఆమె వేడిగాలి మిషన్ తేవడానికి లోపలికి వెళ్ళింది. అక్కడ ఇంకెవరిదో ర్యాప్ వేసిన కారు ఉంది, రోడ్డు దుమ్ముతో. ఊరికే నిలబడలేని జానయ్య దాని దగ్గరికి పోయాడు. ఈమె పనితనం ఎలాంటిదో చూద్దామని తలుపు అంచు మీద కుడి బొటనవేలు పెట్టి, గట్టిగా ఒత్తి, పైనుంచి కిందికి ఈడ్చాడు. మళ్ళీ కిందినుంచి పైకి. చివరన గోరు దూర్చి ఎత్తి చూశాడు.

వెనక నుంచి వైష్ణవి గొంతు మెల్లగా వినిపించింది. "కాకా, మీ కారు గూడ గిట్లనే చూస్తరా?"

"ఆఁ. దినాం మూడు మాట్ల చూస్త."

"కడగక ముందా, కడిగినంకనా?"

జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. పొద్దున కడగక ముందు. మధ్యాహ్నం బూడిద రాలాక. సాయంత్రం ఇంటికి పోయే ముందు. ఎప్పుడూ దుమ్ము మీదనే. తలుపు, బానెట్ మూల, డిక్కీ, పెట్రోల్ మూత. అనుమానం ఎక్కువున్న చోట ఎక్కువసార్లు. వైష్ణవి ఫోన్ లైటు అతని బొటనవేలి మీద వేసింది. గీతల్లో ఊక బూడిద నల్లగా ఇరుక్కుని ఉంది.

జానయ్య అక్కడే ఉన్న పాత టైరు మీద కూర్చున్నాడు. ఆమె అంచు వేడి చేసి తిరిగి అతికించి, మచ్చలు మాత్రం పోవని చెప్పింది. "బాధపడకు కాకా, శానమంది గిట్లనే చేస్తరు" అన్నది. అతను బాధపడుతున్నది కారు గురించి కాదని ఆమెకు తెలియదు.

మిర్యాలగూడ రాగానే సేటుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూనే చెప్పాడు. మురళీధర్ ఒక క్షణం చూసి పకపకా నవ్వాడు. "నువ్వేనా! సరె తియ్యి, ఇగ ముట్టకు" అన్నాడు.

తిడితే బాగుండేది. ఆ నవ్వు జానయ్యకు ముల్లులా దిగింది. అనుమానానికే మంగ్త్యాను వెనక గేటుకు పొమ్మన్న మనిషి, నిజంగా చేసినవాణ్ని నవ్వి వదిలేశాడు.

మంగ్త్యా కోదాడలో ఒక ఫంక్షన్ హాల్ దగ్గర పార్కింగ్ చూసుకుంటున్నాడని హమాలీలు చెప్పారు. ఆదివారం బస్సెక్కాడు జానయ్య. వాడు కొడతాడా, నలుగురిలో నవ్వులపాలు చేస్తాడా అని దారంతా అదే ఆలోచన. హాల్ ముందు ఖాకీ చొక్కాలో మంగ్త్యా కార్లను లోపలికి పంపుతున్నాడు. ఇతన్ని చూశాడు, పలకరించలేదు. పని మధ్యలోనే, కార్ల హారన్ల మధ్యలోనే, జానయ్య అంతా చెప్పేశాడు.

"ఎవరయ్యా ఆయన? బండి లేకపోతే కొంచెం పక్కకి నిలబడమను" అని హాల్ మేనేజర్ మెట్ల మీద నుంచి అరిచాడు.

"మా మిల్లు మనిషి సార్, పోతడు" అన్నాడు మంగ్త్యా. తర్వాత జానయ్య వైపు తిరిగి, "సేటు ఏమన్నడు?"

"నవ్విండు."

 మంగ్త్యా పోయి రెండు కార్లను నిలబెట్టించి వచ్చాడు.

"నా మీద పదిమంది ముంగట చెప్పినవన్నా. గీడికొచ్చి నా ఒక్కని చెవుల చెప్తె ఎట్లయితది?"

సోమవారం పొద్దున లోడింగు మొదలుకాక ముందు జానయ్య హమాలీలందర్నీ పిలిచాడు. మంగ్త్యాకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.  "కారు మీద మచ్చలు నేను పెట్టిన. మంగ్త్యా కాదు. వాడు రెట్ట తుడిచి కారును కాపాడిండు. నేను వాని మీద అబద్ధం చెప్పిన. తెల్వక చెప్పిన, కని చెప్పింది నేనే."

ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. ధాన్యం ఊడ్చే మంగమ్మ మాత్రం చీపురు ఆపి, "గా దినం వాణ్ని అడిగినంక చెప్పకపోతివా జానయ్యా, మంచి పిలగాడు పాయె" అన్నది. ఫోన్‌లో "విన్న" అన్న ఒక్క మాట వచ్చి, లైను తెగింది.

సేటు కూడా తర్వాత మంగ్త్యాకు ఫోన్ చేసి ముందు గేటుకే రమ్మన్నాడు. మంగ్త్యా రాలేదు. బిడ్డను కోదాడ బడిలో చేర్చానని చెప్పాడట.

జానయ్య మారిపోయాడని చెప్పలేం. ఇప్పటికీ తాళం మూడుసార్లు గుంజుతాడు. మార్గశిరంలో సేటు వాళ్ళను పెళ్ళికి కోదాడ తీసుకుపోయినప్పుడు, అదే హాల్ అని తెలిసి గేటు ముందు బండి కాసేపు ఆపేశాడు. మంగ్త్యా ఎండలేని మూల చూపించి కారు పెట్టించాడు. అద్దం దగ్గరికొచ్చి, "తిన్నవా?" అన్నాడు.

"ఇంక లేదు."

"దిగు మరి. సెకండ్ బంతి నడుస్తంది."

ఇద్దరూ డ్రైవర్ల వరసలో పక్కపక్కన కూర్చున్నారు.  పప్పు వడ్డించి పోయాక జానయ్యే అడిగాడు. "బిడ్డ ఏం సదువుతంది?"

"ఆరు. లెక్కలల్ల జర కష్టమైతందట" అన్నాడు మంగ్త్యా, అన్నం కలుపుకుంటూ.