ఇరాజ్ గారి కొట్లో వినపడిన సుత్తి

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. మాది గుంటూరు వైపు, ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబం. హ్యూస్టన్‌లో ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా చేసేదాన్ని. రోజూ చావుని చూసేదాన్నే గానీ, పోయినవాళ్లు తిరిగిరావడం ఎప్పుడూ చూళ్లేదు. అయినా ఇది చెప్తున్నానంటే, ఆ గాయానికి కట్టు కట్టింది నేనే.

మా అపార్ట్‌మెంట్ కిందే ఇరాజ్ గారి కొట్టు. ఆయనది ఇరాన్‌లో ఇస్ఫహాన్. రాగి పళ్లేలు, ఇత్తడి కూజాల మీద పూలు, తీగలు చెక్కేవారు. పళ్లెం కదలకుండా తారు ముద్ద మీద అంటించి, సన్నటి ఉలి మీద చిన్న సుత్తితో టక్ టక్ మని కొట్టుకుంటూ పోయేవారు.

టెహ్రాన్‌లో అమెరికన్లని బందీలుగా పట్టుకున్న రోజులవి. ఇరానీ అంటే చాలు, జనం మండిపడేవాళ్లు. గ్యాస్ స్టేషన్‌లో ఒకడు మా ఆయన్ని కూడా ఇరానీ అనుకుని మొహాన ఉమ్మాడు.

ఒక శనివారం మధ్యాహ్నం, మా పాప పుట్టినరోజుకి పళ్లెం మీద పేరు చెక్కిద్దామని కొట్టుకి వెళ్లాను. నేను అక్కడుండగానే ఇద్దరు కుర్రాళ్లు బేస్‌బాల్ బ్యాట్‌లతో దూరారు. ముందు అద్దాల బీరువా పగిలింది. తర్వాత ఇరాజ్ గారి కుడి చెయ్యి. ఎముక విరిగిన చప్పుడు నాకు కొత్త కాదు. అడ్డం వెళ్తే నన్ను గోడకేసి కొట్టారు.

"నువ్వూ వాళ్ల మనిషివేనా?"

"ఇండియన్‌ని! ఆయన్ని వదిలెయ్యండి, ప్రాణం పోతుంది!"

ఇద్దరిలో ఎర్రజుట్టువాడు వినలేదు. కింద పడున్న ఇరాజ్ గారి తల మీదికి బ్యాట్ ఎత్తాడు. సరిగ్గా అప్పుడే వెనక గదిలో సుత్తి చప్పుడు మొదలైంది.

"లోపల ఎవర్రా?"

ఎవరూ లేరన్నట్టు ఇరాజ్ గారు తల అడ్డంగా ఊపారు. ఆ గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క తలుపూ మా ఎదురుగానే ఉంది. వాడు బూతులు తిట్టుకుంటూ లోపలికి వెళ్లాడు. సుత్తి ఆగలేదు, ఇంకా జోరుగా పడింది. వెంటనే వాడి కేక. గొంతు కోస్తుంటే పశువు అలా అరుస్తుంది.

బయటికొచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు. వాణ్ని చూసి రెండోవాడు పారిపోయాడు. ఎర్రజుట్టువాడి మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం మీద తీగ చెక్కి ఉంది, ఆకులతో, మొగ్గలతో సహా. ఒక్కో చుక్కలోంచీ రక్తం ఉబికి వస్తోంది.

దొరికిన తువ్వాలుతో కట్టు కట్టాను. గాజు గీతలు కావవి. చుక్కలన్నీ ఒకే లోతు. అంత నగిషీకి ఇరాజ్ గారికైనా సగం రోజు పడుతుంది. వీడు లోపలున్నది నిమిషం కూడా కాదు.

"లోపల ఎవరూ లేరు... ఎవరూ లేరు," వాడు పళ్లు టకటకలాడుతుంటే అదే మాట అంటున్నాడు.

ఇరాజ్ గారు విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆ తీగ వైపే చూశారు. "అది మా నాన్న పని, సిస్టర్. ఆకు కొన అలా వెనక్కి తిప్పేది ఆయనొక్కరే," అన్నారు. వాళ్ల నాన్న ఇస్ఫహాన్‌లో పోయి అప్పటికే చాలా ఏళ్లు.

పోలీసులొచ్చి, పగిలిన గాజు కోసుకుందని తేల్చేశారు. నేను చెప్పింది విన్నారు గానీ నమ్మలేదు. ఇరాజ్ గారి చెయ్యి అతుక్కుంది, పట్టు మాత్రం రాలేదు. కొట్టు అమ్మేసి లాస్ ఏంజెలెస్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత వార్డులో కత్తిపోట్లు, తుపాకీ దెబ్బలు, కార్ యాక్సిడెంట్లు ఎన్నో చూశాను. ఏ గాయాన్నైనా చూస్తే అది దేనివల్ల అయిందో చెప్పగలను. ఆ ఒక్కటి ఇప్పటికీ చెప్పలేను.