పదివేల ఒకటికి కారణాంకాలు

మా బాపుకు సిద్దిపేటలో ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. ఇంటర్‌లో లెక్కల పరీక్ష తప్పి చదువు మానేశాడు. ఆ కసి మాత్రం పోలేదు. పెద్ద పెద్ద సంఖ్యలు పట్టుకుని, అవి ప్రధాన సంఖ్యలో కావో తేలుస్తూ కూర్చునేవాడు. దేనితోనూ భాగం పోని సంఖ్య దొరికిన రోజు ఇంట్లో మాకు తిట్లు తక్కువ.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది పదివేల ఒకటి. ఎటు నుంచి చదివినా ఒకటే. వంద వర్గం కన్నా ఒకటి ఎక్కువ. మూడుతో పోదు, ఏడుతో పోదు, పదకొండుతో పోదు. యాభై దాకా భాగించి చూసి, ఇది ప్రధాన సంఖ్యే అని తీర్పు చెప్పేశాడు.

ఒక ఆదివారం ప్రజ్ఞాపూర్ నుంచి వచ్చిన ఇద్దరు స్నేహితులకు ఆ గొప్పే చెబుతున్నాడు. చాయ్ తెచ్చిన అక్క అక్కడే ఆగింది. అప్పుడు తను తొమ్మిదో తరగతి.

"బాపూ, అది డెబ్బై మూడుతోని పోతది."

"ఏందీ?"

"డెబ్బై మూడు ఇంటూ నూట ముప్పై ఏడు. నూరు లోపల ప్రధాన సంఖ్యలన్నిటితోని చూడాలె. నువ్వు సగంల ఆపినవ్."

స్నేహితుల్లో ఒకాయన పేపరు అంచు మీద గుణించి చూశాడు. సరిపోయింది. "నువ్వు పరీక్ష ఎందుకు తప్పినవో ఇప్పుడు సమజైందిరా!" అని ఇద్దరూ పగలబడి నవ్వారు. బాపు కూడా నవ్వాడు.

వాళ్ళు వెళ్ళాక అక్కను కొట్టలేదు. "రేపటి సంది దీనికి బడి బంద్," అన్నాడు.

"పిల్ల ఏం తప్పు జేసింది?" అంది అవ్వ, మా అమ్మ.

"అది ప్రధాన సంఖ్యే అని ఒక్కసారి చెప్పుమను. పంపుత."

అక్క చెప్పలేదు. బాపు నాకు బడికి కొత్త బూట్లు కొన్నాడు. పొద్దున్నే ఆయన చూస్తుండగా వాటి లేసులు అక్కే కట్టాలి.

అర్ధ సంవత్సర పరీక్షలు వచ్చాయి. మొదటి రోజు అక్క యూనిఫాం వేసుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది.

"బాపూ, పదివేల ఒకటి ప్రధాన సంఖ్య."

 బాపు అవ్వ వైపు తిరిగాడు.

"విన్నవా? తెలిసి తెలిసి అబద్ధమాడుతుంది. గిసువంటి దానికి సదువెందుకు?"

ఆ మధ్యాహ్నానికి యూనిఫాం దుకాణంలో తుప్పు తుడిచే గుడ్డ అయింది. ఆ తర్వాత అక్క కూడా దుకాణానికే పోయింది. రోజంతా మేకులు తూచేది. తన లెక్క వేగం చూసి ఎవరైనా ఆశ్చర్యపోతే, "నేనే నేర్పిన," అనేవాడు బాపు.

సాయంత్రం నేను బడి నుంచి అటే రావాలి. "ఇయ్యాల లెక్కల్ల ఏం చెప్పిన్రో అక్కకు చెప్పు," అనేవాడు. బూట్లతోనే నిలబడి పాఠం అప్పజెప్పేదాన్ని. అక్క తూకం రాళ్ళు మారుస్తూ వినేది. నేను తప్పు చెప్పినా దిద్దేది కాదు.