మంచం కింద దొంగల ముఠా

నిన్న మా పాప ఫోనులో ఒక బొమ్మల కథ చదువుతూ పడీపడీ నవ్వింది. ఒకదానికొకటి అతికించే ప్లాస్టిక్ ఆట ఇటుకలతో వచ్చే బొమ్మ మనుషులను నిలబెట్టి, ఫొటోలు తీసి అల్లిన కథ. అందులో అందరూ విలన్లే. లోకాన్ని ఏలాలని పథకాలు వేస్తారు, తాము తవ్విన గోతిలో తామే పడతారు.

గోదావరిఖని క్వార్టర్లలో నాతో పెరిగినవాళ్లారా, మా దొంగల ముఠా గుర్తుందా? మా బాపు, అదే మా నాన్న, మంచిర్యాల నుంచి తెచ్చిన అలాంటి ఆట ఇటుకల డబ్బాలో ముసుగు దొంగలే ఉండేవారు. బొగ్గుపొయ్యి పొగ వాసన నిండిన గదిలో, మంచం కింద దూరి, అక్కా నేనూ వాళ్లచేత బొగ్గు రైలును దోపిడీ చేయించేవాళ్లం. పట్టుకునే హీరో లేడు కాబట్టి వాళ్లంతట వాళ్లే పట్టాల మీద బోర్లా పడేవారు.

ఇదంతా పాపకు చెబుతుంటే, పక్కనే కూర్చున్న బాపు తల వంచుకున్నాడు.

"ఆ డబ్బల హీరోలు గూడ ఉండె బిడ్డా," అన్నాడు. "మీ పెద్దబాపు కొడుకు అడిగిండు. మొగపిలగాడు గదా అని వానికిచ్చిన. మీకు దొంగలే వచ్చిన్రని అబద్ధం చెప్పిన."

'పోనీలే' అందామనుకున్నాను. కానీ అది నేనొక్కదాన్నే అనే మాట కాదు. అక్కకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, జరిగింది చెప్పాను.

"బాపును ఫికర్ చెయ్యొద్దను, బాధ పడొద్దను," అంది అక్క. "హీరోలుంటే మన దొంగలు మొదటి రోజే జైల్ల పడుదురు."

పాప కిసుక్కున నవ్వింది. నేను ఫోన్ బాపుకు అందించబోయాను. ఆయన చెయ్యి చాపలేదు.

"మీ అక్కతోటి ఏ మొఖం పెట్టుకొని మాట్లాడాలె?" అన్నాడు.