ఆమెన్ రాని మాట

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆదివారం గుడికి వచ్చేవాళ్లు రెండు రకాలు. దేవుడి కోసం వచ్చేవాళ్లు కొందరు, పాట నంబరు కోసం వచ్చేవాళ్లు కొందరు. రెండో రకం వాళ్లు పాట మొదలయ్యేలోపే చెప్పులు వెతుక్కునేవాళ్లు.

మాది కుందుర్పి పక్కన పల్లె. తొంభైల చివర, వానలు వరసగా మొహం చాటేసిన రోజులు. వేరుశనగ పూతలోనే మాడిపోయేది. బోరు వేస్తే దుమ్ము లేచేది. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు బెంగళూరుకు కూలికి పోయారు. మిగిలిన వాళ్లకు మట్కా పిచ్చి పట్టింది. ఏ నంబరు తగులుతుందో ఊహించి పందెం కాయడమే మట్కా. బస్సులు ఆగే చోట టీకొట్టు వెనక ఒకాయన రాసుకునేవాడు. కలలో వచ్చిన నంబరు, లారీ మీద కనిపించిన నంబరు, ఏదైనా సరే వాళ్లకు దేవుడు చెప్పినట్టే. చివరికి మా రేకుల గుడిలో పాటల పుస్తకం చూసి చెప్పే పాట నంబరును కూడా వదల్లేదు.

ఆ నంబరు చెప్పేది మా తాత. ఆయన సంఘపెద్ద. పాట చెప్పి, ఆ వెంటనే మట్కా ఆడేవాళ్లకు నరకంలో ఎంత మంట కాచుకుని ఉందో కూడా చెప్పేవాడు. ఆ గొంతుకి నేను అవ్వ కొంగు పట్టుకునేదాన్ని. ఆయనంటే నాకు ప్రేమ కంటే భయమే ఎక్కువ, ఆ మాట దాచుకోవడం ఎందుకు.

శనివారం సాయంత్రాలు పక్కింటి చిన్నాయన డోలక్ తీసుకుని మా అరుగు మీదికి వచ్చేవాడు. మరుసటి రోజు పాటలు ఇద్దరూ కలిసి అనుకునేవాళ్లు. పెళ్లి కుదిరిన మనిషి, నవ్వుమొహం. ఒక శనివారం నేను గడప దగ్గర కూర్చుని కాయలు ఒలుస్తున్నాను. పాటలు అయిపోయాక తాత అతని చొక్కా జేబులో ఏదో కుక్కి, గొంతు తగ్గించి అన్నాడు. “నువ్వు రాయించేటప్పుడు నాకూ ఆ నంబరే రాయించప్పా. ఎవురికీ చెప్పాకు.” చిన్నాయన తలూపి పోయాడు. రాయించడం అంటే పాట కాగితం మీద రాయించడమేమో అనుకుని నేను మళ్లీ కాయల్లో పడ్డాను.

మరుసటి వారం టౌను నుంచి పాస్టరు అయ్యగారు వచ్చారు. ప్రభు సంస్కారం, అంటే బల్ల మీది రొట్టె అందరికీ పంచే ఆదివారం అది. చిన్నాయనకు పిల్లనిచ్చే మామ కూడా అల్లుడు డోలక్ వాయిస్తే చూడాలని కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చి ముందు చాప మీద కూర్చున్నాడు. వాక్యం అయిపోయాక అయ్యగారు చిన్నాయనను లేచి నిలబడమన్నారు. టీకొట్టు వెనక అతను నంబరు రాయిస్తుంటే చూసిన వాళ్లెవరో ఆయన చెవిన వేశారు. అవునా కాదా అని అడిగారు.

అవునన్నాడు చిన్నాయన. నీ కోసమేనా అని అడిగారు. అతను తాత వైపు చూడలేదు. నేను చూశాను. అప్పుడే నాకు అరుగు మీది మాట గుర్తొచ్చి అర్థమైంది. “నా కోసమే అయ్యగారూ,” అన్నాడు.

బల్ల నుంచి అతన్ని దూరం పెడుతున్నామని, పెళ్లి సంగతి తర్వాత ఆలోచిద్దామని అయ్యగారు చెప్పారు. మామ తువ్వాలు భుజాన వేసుకున్నాడు, లేచి పోవడానికే అని అందరికీ తెలుస్తూనే ఉంది. అంతలో రొట్టె పంచడం మొదలైంది. పళ్లెం పట్టుకున్నది మా తాత.

వరస వెంట ఒక్కొక్కరికీ ఇస్తూ వస్తున్నాడు. నేను తాతనే చూస్తున్నాను. చెప్తాడా, చెప్పడా. చెప్పకూడదని కూడా అనుకున్నాను, చెప్తే మా ఇంటి పరువు ఏం కావాలి. చిన్నాయన దగ్గరికి వచ్చేసరికి అతనే మోకాళ్లు పక్కకు జరుపుకుని తాతకు దారి ఇచ్చాడు. తాత దాటాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి పళ్లెం తీసుకుపోయి బల్ల మీద పెట్టేశాడు.

“అయ్యగారూ, మనమందురం పాపులమే,” అన్నాడు.

గుడి గుడంతా ఆమెన్ అంది. అయ్యగారు కళ్లు మూసుకుని, నిజమే పెద్దాయనా, కూర్చోండి అన్నారు. తాతకు తప్పించుకునే దారి ఎంత మర్యాదగా ఇచ్చారో ఆయనకే తెలియదు. తాత కూర్చోవచ్చు. కూర్చుంటే ఇంకా గొప్పవాడు అయ్యేవాడు, ఎంత తగ్గింపు మనిషి అని ఊరంతా చెప్పుకునేది. నా పక్కన అవ్వ కూడా కళ్లు ఒత్తుకుంటోంది.

ఆయన కూర్చోలేదు.

“అందురి మాట గాదయ్యగారూ, నా మాట చెప్తాండా. వాడు ఆడినాడు, నిజమే. నేనూ ఆడినా. వాని చేత్తో రాయించినా. బోరు పోయినప్పటినుంచీ ఇదే పని నాకు. ఈడ నిలబడి మిమ్మల్నందుర్నీ తిడతా, ఆడ నంబరు తగిలిందా లేదా అని ఎదురుచూస్తాంటి. వానికి రొట్టె లేకుండా దాటిపోయి, పక్కనోళ్లకి ఇయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.”

ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. మామ మాత్రం తువ్వాలు ఒళ్లో పెట్టుకుని చిన్నాయన వైపు చాలాసేపు చూశాడు.

తాతను పెద్దరికం నుంచి తీసేశారు. తర్వాతి ప్రభు సంస్కారాల్లో ఆయనా, చిన్నాయనా తలుపు దగ్గర ఒకే చాప మీద కూర్చున్నారు, పళ్లెం వాళ్ల దాకా రాకుండానే తిరిగిపోయేది. కొందరు మా ఇంటి ముందు నడుస్తూ నంబరెంత పెద్దాయనా అని ఎగతాళి చేసేవాళ్లు. వాన కూడా రాలేదు. కానీ పెళ్లి ఆగలేదు. పెద్దాయన పేరు నోటిదాకా వచ్చినా దిగమింగుకున్న పిల్లోడు నా బిడ్డను బాగానే చూసుకుంటాడు అని మామే కబురు పెట్టాడు.

తాత ఒప్పుకున్న ఆ ఆదివారం, ఇంటికొచ్చి సంగటి ముద్ద పెట్టాక అవ్వ తాతతో అంది, “ఇన్నాళ్లూ ఆదివారమైతే నీ మొగం చూడాలంటే భయమేసేది. ఈ పొద్దు ఎయ్యలేదు.” నాకూ వెయ్యలేదు. మొదటిసారి ఆయన పక్కన కూర్చుని తిన్నాను.

నన్ను పెద్దమ్మా అని పిలిచే వయసు వచ్చింది నాకిప్పుడు. ప్రార్థనలో మోకరిస్తే, మేమంతా పాపులం ప్రభువా అని నోరు దానంతటదే తిరుగుతుంది. చుట్టూ ఆమెన్‌లు వినిపిస్తాయి, హాయిగా ఉంటుంది. అప్పుడు పళ్లెం బల్ల మీద పెట్టిన మా తాత కళ్లముందు నిలబడతాడు. ఆగి, ఆ వారం నేను ఎవరికి ఏం చేశానో ఆ ఒక్కటీ పేరు పెట్టి చెప్తాను. ఆ మాటకు ఎవరూ ఆమెన్ అనరు. అనకపోతేనే సరిగ్గా చెప్పానని నాకు తెలుస్తుంది.